వెలుగును రానిచ్చి వేడిమిని ఆపిన ఇల్లు

వైశాఖమాసపు మిట్టమధ్యాహ్నమున మన పట్టణములలోని ఏ కార్యాలయమునకైనను పోయి చూడుడు. కిటికీలన్నియు మూసియుండును. గాజుపలకల వెనుక దళసరి తెరలు దింపబడియుండును. బయట కన్నులు మిరుమిట్లు గొలుపు ఎండ. లోపల విద్యుద్దీపముల క్రింద గుమాస్తాలు కాగితములు చూచుకొనుచుందురు. ఉచితముగా వచ్చిన వెలుగును తెరవేసి వెళ్ళగొట్టి, దానికి బదులు వెలుగును వెలయిచ్చి కొనుచున్నాము. ఆ తెరచాటున అప్పటికే లోపల చేరిన వేడిని తోలివేయుటకు మరల వెల చెల్లించుచున్నాము. ఉష్ణదేశమున ఈ రెండు వ్యయములును తప్పనిసరి యని మనకు తోచుచున్నది. తప్పనిసరి కాదని ఎనుబది యేండ్లకు పూర్వమే నిరూపించిన కట్టడ మొకటి మన తూర్పుతీరముననే కలదు. అది పుదుచ్చేరిలో నున్నది. పేరు మాత్రము మనది: గోల్కొండ.

ఆ ఇంటి కథ చెప్పుటకు ముందు ఎండ స్వభావమును గూర్చి రెండు మాటలు చెప్పవలసియున్నది. సూర్యరశ్మిలో కంటికి కనబడు వెలుగు సగమునకు కొంచెము తక్కువ. తక్కినదానిలో అధికభాగము కంటికి కనబడని పరారుణ కిరణములు. మామూలు గాజు ఈ రెంటిని దాదాపు ఒకే తీరుగా లోపలికి విడుచును. అవి నేలపైనను బల్లలపైనను తెరలపైనను పడి వేడిగా మారును. వేడెక్కిన వస్తువులు తిరిగి వెలువరించు కిరణములు మరియొక జాతివి, దీర్ఘతరంగములు. వానిని గాజు బయటికి పోనీయదు. అనగా కిటికీకి లోపలివైపున వ్రేలాడు తెర దొంగ ఇల్లు జొచ్చిన పిదప వేసిన తలుపు వంటిది. తెల్లని తెరయైనచో కొంత వెలుగును వెనుకకు త్రిప్పును గాని, మిగిలినది గదిలోనే యుండిపోవును. ఎండను గాజునకు వెలుపలనే ఆపవలయును. ఈ చిన్న సంగతిని గ్రహింపక లోకము వ్యయపరచిన ధనమునకు లెక్కలేదు.

రెండవ సంగతి పరిమాణమునకు సంబంధించినది. నిర్మలాకాశమున సూర్యుడు నడినెత్తి నున్నపుడు ఆరుబయట వెలుగు సుమారు 1,00,000 లక్సు లుండును. లక్సనునది వెలుగును కొలుచు మానము. పుస్తకము చదువుకొనుటకు 300 లక్సులు చాలును. బయటి వెలుగులో మూడువందల భాగములు చేసి ఒక్క భాగము గదిలోనికి రానిచ్చినచో మన పని జరిగిపోవును. కాబట్టి ఉష్ణదేశపు గృహశిల్పి ఎదుట నున్న సమస్య వెలుగును సంపాదించుట కాదు. అపారమైన దానినుండి అత్యల్పమును ఏరుకొనుట.

మన పూర్వులు ఈ ఏరుకొనుటను ఎరుగుదురు. మండువా ఇంటిలో వెలుగు నడిమి ముంగిలి నుండి వచ్చి, వసారా దాటి, మెత్తబడి గదిలోనికి చేరును. చూరు బాగుగా క్రిందికి దిగియుండుటచే గోడపై ఎండ పడదు. గుజరాతులో, రాజస్థానములో ఇదే పనిని రాతిజాలీలు చేసినవి. 1573 ప్రాంతమున అహమ్మదాబాదులో కట్టబడిన సిద్ది సయ్యదు మసీదు జాలీలను చూచినవారు శిల్పచాతుర్యమునే మెచ్చుకొందురు. ఆ రాతి లతల పని ఎండను చల్లుటయే యని తలచువారు తక్కువ. అయితే ఈ పాత పద్ధతులలో ఒక లోపము లేకపోలేదు. మండువా ఇండ్లలో లోపలి గదులు పట్టపగలు కూడ చీకటిగా నుండెడివి. ధాన్యము దాచుకొనుటకు అవి చాలును. బల్లముందు కూర్చుండి చదువుటకు, వ్రాయుటకు, లెక్కలు చూచుటకు చాలవు. పాఠశాలలు, కచేరీలు, వసతిగృహములు వచ్చిన కాలమున వెలుగు అవసరము పెరిగినది. ఆ అవసరమునకు పాశ్చాత్యులు కనుగొనిన సమాధానము విశాలమైన గాజు.

ఆ గాజు మొదట దెబ్బ తినినది ఉష్ణదేశమున గాదు, పారిసు నగరమున. 1933లో అచ్చట సాల్వేషన్ ఆర్మీ వారికై ల కొర్బూజియే అను సుప్రసిద్ధ శిల్పి ఒక ఆశ్రయగృహమును కట్టెను. దాని దక్షిణ ముఖమంతయు తెరువ వీలులేని గాజుగోడ. లోపలి గాలిని యంత్రములతో శుద్ధిచేసి చల్లబరచవలెనని ఆయన యోజన. ధనము చాలక చల్లబరచు యంత్రమును పెట్టలేదు. వేసవి రాగానే నిలువనీడ లేని దీనులు ఆ గాజుపెట్టెలో ఉడికిపోయిరి. పిమ్మట తెరచుకొను కిటికీలు పెట్టవలసివచ్చెను. యుద్ధానంతరము ఆ గోడకు వెలుపల ఎండను విరుచు కాంక్రీటు పలకలు కూడ అమర్చబడినవి. ఫ్రెంచి భాషలో వీనికి 'బ్రీజ్-సొలైల్' అని పేరు. 'ఎండను విరుగగొట్టునది' అని అర్థము. తన తప్పును తాను దిద్దుకొనిన ఆ శిల్పి తరువాతి జీవితమంతయు ఈ పలకలనే ప్రచారము చేసెను. 1936లో ఆయన సలహాపై బ్రెజిలు దేశపు శిల్పులు రియో నగరమున విద్యామంత్రిత్వ భవనమునకు రూపకల్పన చేసి, ఎండవైపున అడ్డముగా, చేతితో త్రిప్పదగిన పలకలను వరుసలుగా అమర్చిరి. అది భూమధ్యరేఖకు దక్షిణమున నున్న దేశము గనుక అచ్చట ఎండవైపు ఉత్తరము.

సరిగా ఆ దినములలోనే పుదుచ్చేరిలో శ్రీ అరవిందాశ్రమమువారు సాధకుల నివాసమునకై ఒక వసతిగృహమును తలపెట్టిరి. ఆశ్రమమున పవిత్ర అను పేరుతో నుండిన ఫ్రెంచి ఇంజనీరు ఫిలిప్ బార్బియే సెంటిలేరు పూర్వము జపానులో నివసించియుండెను. అచ్చట ఆయనకు ఆంటొనిన్ రేమండ్ అను శిల్పితో మైత్రి. రేమండ్ చెక్ దేశమున జన్మించి, అమెరికాలో ఫ్రాంక్ లాయిడ్ రైట్ వద్ద పనిచేసి, ఆయన వెంట టోకియో ఇంపీరియల్ హోటలు నిర్మాణమునకై పోయి, అచ్చటనే స్థిరపడినవాడు. ఆయన పక్షమున పుదుచ్చేరికి వచ్చినవారిలో ఇరువురు ముఖ్యులు. ఒకరు జపాను సంతతికి చెందిన అమెరికను జార్జి నకషిమా. తరువాతి కాలమున కొయ్యసామాను శిల్పిగా లోకప్రసిద్ధుడైనది ఈయనయే. రెండవవారు పారిసులో ల కొర్బూజియే కార్యాలయమున పనిచేసి వచ్చిన చెక్ జాతీయుడు ఫ్రాంటిషెక్ సామెర్. ఇన్ని దేశములవారు కలిసి కట్టిన ఇంటికి ధనము మాత్రము హైదరాబాదు నుండి వచ్చినది. నిజాము ప్రభుత్వమున ప్రధానమంత్రిగా నుండిన సర్ అక్బర్ హైదరీ పూనికపై ఒక లక్ష రూపాయలు లభించెను. ఆ కృతజ్ఞతతోనే శ్రీ మాత ఇంటికి గోల్కొండ అని పేరుపెట్టిరి. ఫ్రెంచివారి వ్రాతను బట్టి 'గోల్‌కొండ్' అని పలుకువారు కలరు. మనకు ఆ తిప్పలు లేవు. గోల్కొండ యనగానే విదేశీయులకు తట్టునది వజ్రములు. నిజమునకు వజ్రములు కొండపై దొరకినవి కావు; కృష్ణాతీరమున కొల్లూరు మొదలగు గనులలో దొరకి గోల్కొండ అంగడిలో అమ్ముడుపోయినవి. పేరు అంగడికి దక్కెను.

1937లో పని ఆరంభమైనది. మొదట ఒక్క గదిని నిజమైన కొలతలతో నమూనాగా కట్టి చూచిరి. పటములను నమ్మక ఎండయు గాలియు ఎట్లు ప్రవర్తించునో కన్నులార పరీక్షించిన ఈ పద్ధతి మాకు మిక్కిలి నచ్చినది. కాంట్రాక్టరు లేడు, గడువు లేదు. సాధకులును కూలివారును కలిసి కాంక్రీటు పోసిరి. రెండవ ప్రపంచయుద్ధము ముంచుకొనివచ్చి శిల్పులు ఒక్కొక్కరుగా వెడలిపోయినను పని ఆగలేదు. అమెరికాకు మరలిన నకషిమాను, జపాను సంతతివాడను కారణమున, అచ్చటి ప్రభుత్వము 1942లో నిర్బంధ శిబిరమున నుంచెను. ఆయన చేతులమీదుగా ఆరంభమైన ఇల్లు ఆయన లేకయే పూర్తియైనది.

ఇక ఇంటి నిర్మాణమును చూతము. పుదుచ్చేరి సుమారు 12 డిగ్రీల ఉత్తర అక్షాంశమున నున్నది. అచ్చట మధ్యాహ్నపు ఎండ ఉత్తరమునుండి వచ్చునది వేసవి నడుమ సుమారు నాలుగు నెలలు, అదియు నడినెత్తికి సమీపముగా. దక్షిణపు ఎండ శీతకాలమున వచ్చును గాని డిసెంబరు మధ్యాహ్నమున కూడ సూర్యుడు దిగంతమునకు 54 డిగ్రీల ఎత్తున నుండును. ఎత్తుననున్న ఎండను అడ్డపలక సులభముగా ఆపును. తూర్పు పడమరల ఎండ అట్లుకాదు. అది పల్లముగా, నేరుగా గదిలోనికి దూసికొనివచ్చును. అందుచే ఇంటిని తూర్పు పడమరలుగా పొడవుగా పరచి, పొడవైన ముఖములను ఉత్తర దక్షిణములకు త్రిప్పిరి. ప్రతి అంతస్తునను గదులన్నియు ఒకే వరుస; ఉత్తరమున నడవ, దక్షిణమున గదులు. గాలి ఒకవైపున ప్రవేశించి రెండవవైపున పోవుటకు అడ్డులేదు.

ఆ పొడవైన ముఖములపై గాజుకిటికీ యన్నదియే లేదు. నేల మొదలు పైకప్పు వరకు ఇంజనీర్లు లూవర్లు అని పిలుచు వాలుపలకలే గోడ. ఇత్తడి పిడిని త్రిప్పగా ఒక వరుస పలకలన్నియు ఒక్కసారి తిరుగును. తుపాను వచ్చినపుడు పూర్తిగా మూసికొనవచ్చును. కొంచెము తెరచిన యెడల ఎండ నేరుగా రాదు. క్రిందిపలక మీద పడి, పైపలక అడుగునకు ఎగసి, అచ్చటినుండి పైకప్పును చేరి, కప్పునుండి గదియంతట జల్లుగా దిగును. ఎక్కడను మిరుమిట్లు లేవు, ఎక్కడను చీకటి మూల లేదు. పలకలు వేడెక్కినను ఆ వేడి వెలుపలి గాలికే పోవును. గదికిని నడవకును నడుమనున్నవి టేకు తలుపులు. మూసియున్నను గాలి పోవునట్లు వాని చట్టములలో కొయ్యబద్దలను ఎడమెడముగా అల్లిరి. పైకప్పు మీద వంపుగల కాంక్రీటు పెంకులను పరచి, కప్పునకును పెంకులకును నడుమ గాలి ఆడుటకు సందు విడిచిరి. ఇంటికి గొడుగు పట్టినట్లన్నమాట. గొళ్ళెములు, పిడులు మొదలగు ఇత్తడి సామానునకై ఆశ్రమవాసులు తమ పాత ఇత్తడి పాత్రలను ఇచ్చి కరగించిరి. ఒక్క విషయమున మాత్రము ఆనాటి శిల్పులను నేడెవ్వరును అనుసరింపరు. పలకలు ఆస్బెస్టాసు సిమెంటుతో చేసినవి. ఆ ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకమని తరువాతి కాలమున తేటతెల్లమైనది.

ఈ ఇంటి గొప్ప అంతయు పలకలలోనే యున్నదని చెప్పిన చాలదు. పలకను త్రిప్పు చేతిలో కూడ నున్నది. ఉదయము ఒకరీతిగా, మధ్యాహ్నము మరియొకరీతిగా, వానకు వేరొకరీతిగా నివాసి లేచి పిడి త్రిప్పవలయును. నివాసికి ఆ శ్రద్ధ యున్నంతకాలమే ఇల్లు చల్లగా నుండును. సాధకుల ఇల్లు గనుక అచ్చట ఆ శ్రద్ధకు కొరత రాలేదు. వందలమంది పనిచేయు కచేరీలో ఎవరు లేతురు? ఎవరి కిటికీ ఎవరిది? తరువాతి చరిత్రలో శిల్పులు పలకలను కదలనీయక కాంక్రీటులో బిగించుటకు ఇదియొక కారణమని మా ఊహ.

స్వాతంత్ర్యానంతరము ల కొర్బూజియే మన దేశమునకే వచ్చెను. అహమ్మదాబాదులో 1954లో పూర్తియైన మిల్లు యజమానుల సంఘ భవనమునకు పడమటి వీధిముఖమున పలకలను ఏటవాలుగా నిలువున నిలిపెను. సబర్మతి వైపునున్న తూర్పు ముఖమున తిన్నగా నిలిపెను. పల్లపు టెండకు అడ్డపలక పనికిరాదు, నిలువుపలకయే కావలయునన్న సూత్రము అచ్చట కంటికి కట్టినట్లు కనబడును. చండీగఢులో 1955లో ప్రారంభమైన ఉన్నత న్యాయస్థానమునకును, పిదప సచివాలయమునకును అవే పలకలు. కాని అవి కదలవు. పైగా దళసరి కాంక్రీటు. కాంక్రీటు పగలెల్ల ఎండను త్రాగి, సాయంకాలము మెల్లగా విడుచును. గోల్కొండలోని పలుచని పలకలకు ఈ దోషము లేదు. న్యాయస్థానమున పలకలు ఎండకును వానకును చాలక తరువాత వరండా చేర్చవలసివచ్చెను. అనగా మన తాతల పంచ వెనుకకు వచ్చినది!

ఇదే కాలమున ఉత్తరప్రాంతమున రూర్కీలో నిరాడంబరముగా మరియొక పని జరుగుచుండెను. 1947లో వెలసిన కేంద్ర భవన పరిశోధన సంస్థవారు మన ఆకాశమును కొలిచిరి. ఇంగ్లాండు గ్రంథములలోని పగటివెలుగు లెక్కలన్నియు మబ్బుకమ్మిన ఆకాశమును ఆధారముగా గొన్నవి. బయట 5,000 లక్సులే యుండునని ఊహించి, పెద్ద కిటికీలు పెట్టుమని చెప్పునవి. మనకు మబ్బు లేని ఆకాశము సహజము. సూర్యుడు దిగంతమునకు 15 డిగ్రీల ఎత్తున నున్న వేళ, నేరుటెండను విడిచి ఆకాశపు వెలుగును మాత్రమే లెక్కించినను 8,000 లక్సులు లభించునని నిర్ణయించి, దానిని భారతీయ ప్రమాణముగా గైకొనిరి. ఫలితార్థమేమనగా, లండనులో కావలసినంత గాజు మనకు అక్కరలేదు. 1969లో దేశములోని పట్టణములకు సూర్యుని గతులను, ఎండ పరిమాణములను తెలుపు గ్రంథము కూడ ఆ సంస్థ కృషి ఫలితముగా వెలువడినది. తాపీమేస్త్రి తెలిసియో తెలియకయో నేడు కిటికీపై పోయు సన్‌షేడు పొడవునకు లెక్క ఇట్టి గ్రంథములలో నున్నది. హైదరాబాదు 17 డిగ్రీలకు కొంచెము పైన నున్నది గదా. అచ్చట దక్షిణపు కిటికీ ఎత్తు 4 అడుగులైనచో, దాని పైయంచున ఒకటింబాతిక అడుగు వెడల్పుగల సన్‌షేడు మార్చి మొదలు సెప్టెంబరు వరకు మధ్యాహ్నపు టెండను కిటికీపై పడనీయదు. అదే సన్‌షేడును పడమటి కిటికీపై పెట్టిన సాయంకాలము నాలుగు గంటలకు ప్రయోజనము స్వల్పము. అయినను ఒకే కొలత సన్‌షేడును నాలుగువైపులను పోయుట మన వాడుక. పడమటి కిటికీకి వెదురుతడకయో, చెట్టో దిక్కు.

1970 దశకమున తిరువనంతపురములో లారీ బేకరు అభివృద్ధి అధ్యయన కేంద్రమునకు ఇటుకలను సందులు విడిచి పేర్చిన జాలీగోడలు కట్టి, కిటికీ చట్టపు ఖర్చు కూడ లేక వెలుగును గాలిని తెచ్చెను. కాని దేశపు గాలి మరియొక వైపునకు మళ్ళినది. 1991 తరువాత వచ్చిన కంపెనీలకు నిలువెత్తు గాజుముఖము సంపదకు గుర్తయ్యెను. చల్లనిదేశములలో శీతకాలపు టెండను లోపలికి పిలుచుటకు పుట్టిన గాజుగోడ, ఎండను తరిమివేయవలసిన హైదరాబాదులో లేచినది. మొదట చెప్పిన తెరలు, పగటిదీపములు ఆ గోడ వెనుకటివే. యంత్రము లోపలి వేడిని తీసి వీధిలో పోయును; వీధిని పోవువాడు దానిని భరించును. కరెంటు పోయిన గంటలో ఆ గది తెరువరాని పెట్టె యగును. పారిసు ఆశ్రయగృహమున దీనులు పడిన పాటు ఎట్టిదో అప్పుడు తెలియును.

ఇచ్చట న్యాయముగా రెండు సంగతులు ఒప్పుకొనవలయును. మొదటిది, దీపములు మారినవి. వెనుకటి తీగబల్బు ఒక వాట్టునకు పది పదునైదు ల్యూమెనుల వెలుగును మాత్రమే యిచ్చి తక్కినదానిని వేడిగా వెదజల్లెడిది. పగటివెలుగు వాట్టునకు నూరు, ఆ పైన. నేటి ఎల్.ఇ.డి. దీపము కూడ సుమారు ఆ నూరును అందుకొనినది. కాబట్టి దీపపు ఖర్చు మునుపటి భారము కాదు. నేడు అసలు భారము చల్లదనమునది, గాజునకు వెలుపల నీడ లేకపోవుటది. రెండవది, గోల్కొండ సముద్రతీరపు టిల్లు. ఉక్కపోత గల తీరమున గాలి ఆడుటయే సుఖము. తెలంగాణమున, రాయలసీమలో మే నెల మధ్యాహ్నమున పలకలు తెరచినచో వచ్చునది వడగాలి. అచ్చట పగలు మూసి, రాత్రి తెరచుట మేలు. వట్టివేళ్ళ తడికపై నీరు చల్లుట మేలు. తేమగల బందరులో ఆ తడిక చేయు ఉపకారము స్వల్పము. నీడ అందరికిని ఒక్కటే. గాలి మాత్రము ఊరిని బట్టి.

2001లో ఇంధన పరిరక్షణ చట్టము వచ్చినది. దాని ననుసరించి 2007లో భవనములకు కేంద్రప్రభుత్వము ఒక నియమావళిని ప్రకటించినది. గాజు ఎంత, దానిద్వారా వేడి ఎంత రావచ్చును, వెలుపలి నీడకు ఏమి మినహాయింపు అన్న విషయములు అందు కలవు. అంతకు పూర్వమే, 2004 జూలైలో, హైదరాబాదులో గోద్రెజ్ హరిత వాణిజ్య కేంద్రమును నాటి రాష్ట్రపతి అబ్దుల్ కలాముగారు ప్రారంభించిరి. గుండ్రని కట్టడము, నడుమ ముంగిలి, ముంగిలి చుట్టును పనిగదులు, వెలుపల జాలీగోడలు. అమెరికావారి హరితభవన ప్రమాణములలో అత్యున్నతశ్రేణిని ఆ దేశమునకు వెలుపల మొదట పొందిన భవనమిదే. దానిని చూడ విదేశములనుండి ఇంజనీర్లు వచ్చిరి. మండువా లోగిలిలో పెరిగినవారికి దారి అడుగనక్కరలేదు.

పుదుచ్చేరి గోల్కొండ నేటికిని వసతిగృహమే. గదిలో దిగినవారు ప్రొద్దునలేచి చేయు మొదటి పనులలో ఆ పలకలను తగినంత త్రిప్పుట యొకటి. హైదరాబాదు ధనముతో కట్టినను, ఆ పిడివంటి పిడి హైదరాబాదు కిటికీలకు ఇంకను రాలేదు.